మండే చుక్క, చల్లని చుక్క

మా మేనత్తకు షుగరు. రెటీనా వాచి చూపు మసకబారడంతో ఏడాదిగా కంట్లో ఇంజెక్షన్లు వేయిస్తున్నాం. సూదికి ముందు కంట్లో వేసే బెటాడిన్ అంటే ఆమెకు మంట. "కారం కొట్టినట్టుంటుందిరా, ఆ సూదే నయం" అంటుంది. సూది తర్వాత రాసిచ్చే యాంటీబయాటిక్ చుక్కలంటే మాత్రం భక్తి. గడియారం చూసుకుని రోజుకు నాలుగుసార్లు వేయించుకుంటుంది. తన కంటిని కాపాడేది ఈ చల్లని చుక్కేనని ఆమె నమ్మకం. రెండు చుక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తిరగబడుతుంది.

మండే చుక్కకు గట్టి సాక్ష్యం న్యూయార్క్ ఐ అండ్ ఇయర్ ఇన్ఫర్మరీ నుంచి వచ్చింది. స్పీకర్, మెనికాఫ్ అనే పరిశోధకులు 1991లో అచ్చువేసిన అధ్యయనం అది. కొన్ని ఆపరేషన్ గదుల్లో 5 శాతం పోవిడోన్ అయోడిన్ (బెటాడిన్ అంటే ఇదే) వాడారు, మిగతా గదుల్లో సిల్వర్ ప్రోటీన్ ద్రావణం. మొత్తం 8 వేలకు పైగా ఆపరేషన్లు. సిల్వర్ వాడిన చోట 0.24 శాతం కళ్ళలో లోపల ఇన్ఫెక్షన్ వస్తే, అయోడిన్ వాడిన చోట 0.06 శాతం. నాలుగో వంతు! అది ఆపరేషన్ల లెక్కే, ఇంజెక్షన్లది కాదు. కానీ శత్రువు ఒక్కటే. రెప్పల అంచున, తెల్లగుడ్డు పైపొర మీద కాపురముండే సూక్ష్మజీవులు. ఇంజెక్షన్ సూది నల్లగుడ్డు అంచుకు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల అవతల దిగుతుంది. సరిగ్గా ఆ చోట అయోడిన్‌ను కనీసం 30 సెకన్లు ఉండనివ్వాలి. తిమ్మిరి జెల్ ముందే దట్టంగా పూస్తే అయోడిన్ కింద దాకా చేరదు. ఏది ముందు, ఏది వెనక అన్నది అక్కడ చాలా ముఖ్యం.

చల్లని చుక్క కథ వేరు. క్రిమి లోపలికి పోయేదే సూదితో పాటు. ఆ తర్వాత కంటిపైన వేసిన మందు కన్ను లోపలి జెల్లీ (విట్రియస్) దాకా చేరేది బహు తక్కువ. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. ఫిలడెల్ఫియా వైద్యులు లక్షా పదిహేడు వేల ఇంజెక్షన్ల లెక్క తీసి 2014లో ప్రకటించారు. చుక్కలు రాసిన రోజుల్లో ఇన్ఫెక్షన్ 0.049 శాతం, రాయడం మానేశాక 0.032 శాతం. ఆ తగ్గుదల కాకతాళీయమే అనుకుందాం. మానేసినందుకు పెరగలేదు కదా!

నష్టం మాత్రం ఉంది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో 24 మందిని ఏడాది పాటు చూశారు. ఇంజెక్షన్ వేసిన కంట్లో ప్రతిసారీ యాంటీబయాటిక్ చుక్కలు, రెండో కంట్లో ఏమీ లేదు. మనిషి ఒక్కరే, కళ్ళు రెండు. ఇంతకంటే న్యాయమైన పోలిక దొరకదు. చుక్కలు పడిన కంట్లో మందుకు లొంగని క్రిములు పెరిగాయి. నెలనెలా సూది వేయించుకునేవాళ్ళ కంట్లో మొండి క్రిములను మనమే పెంచుతున్నామన్నమాట. అయోడిన్‌కు క్రిములు ఇలా అలవాటు పడినట్టు ఇంతవరకూ తేలలేదు.

అయోడిన్‌లో లోపాలు లేవా? ఉన్నాయి. కంటి పైపొర రేగుతుంది, కళ్ళు పొడిబారినవాళ్ళకు ఆ రాత్రంతా నరకం. పని అయ్యాక సెలైన్‌తో బాగా కడిగితే చాలావరకు సర్దుకుంటుంది, హడావుడిలో అది సరిగా జరగదు. నిజంగా ఓర్చుకోలేనివాళ్ళకు క్లోర్‌హెక్సిడిన్ ఉంది. రొయ్యలు పడనివాళ్ళకు అయోడిన్ పడదన్నది మా గోదావరి జిల్లాల్లో బలంగా పాతుకున్న మాట. రొయ్యలతో వచ్చే ఎలర్జీకి కారణం వాటిలోని ప్రోటీన్. అయోడిన్ పాపం ఏమీ లేదు.

పైసా ఖర్చు లేని మరో మందు మౌనం. నోటిలోని స్ట్రెప్టోకాకస్ కంట్లోకి పోతే చూపు దక్కడం కష్టం. డాక్టరు మాస్కు పెట్టుకోవాలి, సూది దిగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. మా అత్తకు అన్నిటికంటే కష్టమైన పథ్యం ఇదే.

నా తీర్పు మండే చుక్క వైపే. అలాగని డాక్టరు రాసిన చుక్కలు మీ అంతట మీరు మానకండి, అవి ఎందుకో అడగండి. ఈ ఇన్ఫెక్షన్ రెండు మూడు వేల ఇంజెక్షన్లకు ఒకసారి వస్తుంది. సూది వేసిన తర్వాతి రోజుల్లో నొప్పి ఎక్కువవుతున్నా, కన్ను ఎర్రబడుతున్నా, చూపు తగ్గుతున్నా ఇంట్లో ఉన్న చుక్కల సీసా కోసం వెతక్కండి. ఆదివారమైనా సరే, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.