లేదనుటకు ముందు

భవాని పేటలోని చద్దరు కార్ఖానాలలో ఏ మరమగ్గము ఆగినట్లు వ్రాత లేదో అది నడుచుచున్నదనియే తలచి పని పంచుదురు. పడుగు బీము అయిపోయినదను కబురు వచ్చిన మరుక్షణము ఆ తలపును విడుతురు. ఇట్లు తెలియనంతవరకు నమ్మి, తెలిసినపిమ్మట విడుచుట గణితమున చెల్లదు. అచ్చట క్రొత్త ఆధారము చేరినను ప్రాత ఫలితము చెక్కుచెదరదు. లోకవ్యవహారమునకో, ఈ విడుపు లేనిదే పూట గడవదు.

ఇట్టి విడుపునకు తర్కమునే ప్రోగ్రాముగా వ్రాయు విద్యలో చోటు కలదు: అచ్చట నిరూపింపబోయిన దారులన్నియు మూసికొనిపోయినపుడు 'లేదు' అనవచ్చునను నియమమునకు 1978లో కీత్ క్లార్క్ శాస్త్రీయమైన పునాది వేసెను. ఈ 'లేదు' విషయముననే, అనుపలబ్ధిని, అనగా కనబడకుండుటను, ప్రత్యేక ప్రమాణముగా నంగీకరించిన మన భాట్ట మీమాంసకులు, ఉండినయెడల తప్పక కనబడదగిన వస్తువు కనబడనపుడే దాని అభావము సిద్ధించునని కట్టడి చేసిరి. చీకటిగదిలో కుండ కానరానంతమాత్రమున కుండ లేదనరాదు. ఈ కట్టడి నా పనిలో నాకు నిత్యము తోడు.

అయితే వెదకుటకును ఒక పొదుపు వలయును. 'మొదటి మగ్గము నడువనిచో రెండవది నడుచును. రెండవది నడువనిచో మొదటిది నడుచును' అని రెండే నియమములు వ్రాసి, మొదటిది నడుచునా యని ఆ విద్యకు చెందిన సాధారణ ప్రోలాగ్ భాషను అడిగిన, అది ఒకదానినుండి మరియొకదానికి తిరుగుచు ఎన్నటికిని జవాబీయదు. స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయమున డేవిడ్ వారెన్ బృందము నిర్మించిన ఎక్స్‌ఎస్‌బి యను ప్రోలాగ్ వ్యవస్థ, అడిగిన ప్రశ్నను దొరకిన జవాబుతో పట్టికకెక్కించి, అదే ప్రశ్న మరల ఎదురైనపుడు గుర్తుపట్టి, ఇది ఇంకను తేలనిదని చెప్పి ఆగును. అడిగినదానికి సంబంధింపని నియమముల జోలికి పోదు. గెల్ఫాండ్, లిఫ్షిట్జ్ పండితులు 1988లో చూపిన స్థిర నమూనాల మార్గము ఈ చిక్కునకే రెండు నిండు సమాధానముల నిచ్చును గాని, నియమములు పెరిగినకొలది అట్టి నమూనా ఒకటి కలదో లేదో తేల్చుటయే దుర్భరమైన గణన యగును. ప్రత్యామ్నాయములన్నియు చూడవలసినచోట ఆ శ్రమ సార్థకమే. వాకిట నిలిచి అడుగువానికి ఒక్క జవాబు చాలునన్నచోట నేను పట్టికనే ఆశ్రయింతును.

ఏ యంత్రమైనను తనకిచ్చిన వ్రాత సమగ్రమో కాదో తానుగా తెలిసికొనజాలదు. అది వ్రాయువాని ధర్మము. మగ్గముల జాబితా నిండుగా నుండును గనుక అందు లేని మగ్గము లేనట్లే. నేతగానికి చెల్లవలసిన కూలి లెక్క అట్టిది కాదు: పుస్తకమున కనబడనంతమాత్రమున బాకీ లేదని పలుకు ప్రోగ్రాము ఎంత శీఘ్రమైనదైనను నాకు సమ్మతము కాదు, అచ్చట 'తెలియదు' అనియే చెప్పవలెను.