గంట కొట్టిన తరువాత చర్చ

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబులు పంచిపెట్టనారంభించినది. పాఠాలను ముందుగానే నింపి ఇచ్చినందున అంతర్జాలం అందని పల్లెలలో కూడ అవి పనికివచ్చాయి. మెచ్చదగిన ఏర్పాటే. 2017లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ‘దీక్ష’ కూడ ఇట్టిదే. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ గుర్తును ఫోనుకు చూపితే పాఠం ఇంటికి వస్తుంది. అయితే ఇట్టి సాధనాలలో పాఠం పిల్లవానికి చేరుతుందే గాని, ఒక పిల్లవాని ఆలోచన మరొకరికి చేరదు.

ఈ కొరత అనకాపల్లి ప్రాంతంలో స్పష్టంగా తెలుస్తుంది. మరిగే చెరకురసంలో కొద్దిగా సున్నం కలపడం ఇక్కడి పిల్లలు ఎరిగినదే. ఎందుకు? రసానికి సహజంగా కొంత ఆమ్లగుణమున్నది. ఆమ్లంలో కాగినప్పుడు సుక్రోజు కొంత గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. ఇవి హెచ్చైన బెల్లం చెమ్మ పీల్చి మెత్తబడుతుంది. సున్నం ఆ ఆమ్లాన్ని తటస్థపరచుతుంది. మోతాదు మించితే బెల్లం నల్లబడుతుంది. ఇంతవరకు ఉపాధ్యాయుడు ఒక్క పీరియడులో చెప్పగలడు. కాని ఎంత సున్నం చాలునో వండేవారు ఎట్లా గుర్తిస్తారు? దీనికి జవాబు పెనం దగ్గర ఉన్నది. చూచి వచ్చినవాడు ఆ రాత్రికే తోటివారికి చెప్పగలగాలి.

2020లో కరోనా వల్ల బడులు మూతపడినది మొదలు ఈ పనికి వాట్సాపు బృందాలు వాడుకలోకి వచ్చాయి. అక్కడ జరిగేదేమిటి? చురుకైనవాడొకడు అయిదు నిమిషాలలో సరైన జవాబు వ్రాస్తాడు. తక్కిన వారందరూ బొటనవ్రేలి బొమ్మ పెడతారు. చదువు వచ్చినవారు వేసే వేలిముద్ర ఇది! చర్చ అంతటితో సరి. ఆ ప్రశ్న మర్నాటికి పండుగ శుభాకాంక్షల అడుగున పడిపోతుంది. పైగా సభ్యులందరి ఫోను నంబర్లు అందరికీ కనబడతాయి. ఆడపిల్లల తల్లిదండ్రులు సంకోచిస్తే తప్పు పట్టరాదు.

2002లో ఆస్ట్రేలియా దేశస్థుడు మార్టిన్ డుగియామస్ విడుదల చేసిన ‘మూడుల్’ అనే ఉచిత సాధనంలో ఒక చక్కని నియమమున్నది. అందలి ప్రశ్నోత్తర విభాగంలో విద్యార్థి తన జవాబు వ్రాసిన తరువాతనే ఇతరుల జవాబులు చూడగలడు. సున్నం తీపిని పెంచుతుందని ఒకడు, మడ్డిని తేలుస్తుందని మరొకడు వ్రాస్తారు. (రెండవవాడు చెప్పినదానిలోను నిజమున్నది.) తర్కం అక్కడ మొదలవుతుంది.

మూడుల్‌ను నడపడానికి ప్రత్యేకంగా ఒక మనిషి కావాలి. అది ఉన్నత పాఠశాలకు భారమే. అదే నియమాన్ని వాట్సాపులోనే పాటించవచ్చును. జవాబులు ముందుగా ఉపాధ్యాయునికి విడిగా చేరాలి. ఆయన పేర్లు తీసివేసి, తప్పొప్పులు చెప్పక, అన్నింటినీ ఒక్కసారే అందరికీ పంపాలి. ఉపాధ్యాయునికి అరగంట పని పెరుగుతుంది. ఫోను లేని పిల్లవాడు చీటీపై వ్రాసి ఇచ్చినా దానిని ఆ వరుసలోనే చేర్చవచ్చును.