సగం దూరదర్శిని ఐపీస్‌లోనే

శని వలయాలను సరిగ్గా చూసిన రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది. సరిగ్గా అని ఎందుకంటున్నానంటే, అంతకు రెండేళ్ల ముందునుంచీ అదే డాబా మీద, అదే 8 అంగుళాల డాబ్సోనియన్ దూరదర్శినిలో, అదే శనిని చూస్తూనే ఉన్నాను. ఆ రాత్రి మా మాస్టారు చొక్కా జేబులోంచి బొటనవేలంత నల్లటి లోహపు ముక్క తీశారు. కన్ను ఆనించి చూసే నా ఐపీస్ తీసేసి దాన్ని పెట్టి, "ఇప్పుడు చూడరా" అన్నారు. వలయాల మధ్యనున్న కసీనీ చీలిక సన్నటి నల్లదారంలా ఆ కొసనుంచి ఈ కొసదాకా తెగకుండా కనిపించింది. అద్దం మారలేదు, ఆకాశం మారలేదు. మారినవి నాలుగు గాజుముక్కలు, అంతే.

అప్పటినుంచీ దూరదర్శిని కొంటామని ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే: "ఐపీస్‌కి ఎంత తీసి పెట్టారు?" చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఉన్న డబ్బంతా పెద్ద అద్దానికి పోసి, పెట్టెలో ఊరికే వచ్చిన ఐపీస్‌తో సరిపెట్టుకుంటారు. బొబ్బిలి వీణ కొని, తీగలు ఇనపకొట్లో తెచ్చినట్టు!

లెక్క చిన్నదే. దూరదర్శిని నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంగ్త్) ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుందో తేలుతుంది. నా డాబ్ నాభ్యంతరం 1200 మి.మీ. అందులో 30 మి.మీ. ఐపీస్ పెడితే 40 రెట్లు, 12 పెడితే 100, 6 పెడితే 200. నక్షత్రాల గుంపులకు మొదటిది, నెబ్యులాలకు నడిమిది, గ్రహాలకు చివరిది. ఇంకో భాగహారం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. ఐపీస్ మి.మీ.లను దూరదర్శిని ఎఫ్ సంఖ్యతో (నాభ్యంతరం అద్దం వెడల్పుకు ఎన్నింతలో ఆ సంఖ్య) భాగిస్తే, కంట్లోకి దిగే వెలుగుకట్ట వెడల్పు వస్తుంది. నాది ఎఫ్/6. కాబట్టి 30 మి.మీ.తో 5 మి.మీ. కట్ట, 6 మి.మీ.తో 1 మి.మీ. కట్ట. కుర్రవాళ్ల కంటిపాప చీకట్లో 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది, వయసుతో పాటు అది తగ్గుతుంది. కట్ట పాపకన్నా వెడల్పైతే అద్దం కష్టపడి పోగుచేసిన వెలుగు కంటి బయటే ఒలికిపోతుంది. మరీ సన్ననైతే బొమ్మ మసకబారుతుంది. ఈ రెండు భాగహారాలూ వచ్చినవాడికి మూడు ఐపీస్‌లు చాలు. రానివాడికి ముప్పై ఉన్నా చాలవు.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 17వ శతాబ్దంలో హైగెన్స్ రెండు కటకాలు జతచేశాడు. తర్వాత రామ్స్‌డెన్, 1849లో కెల్నర్, 1860లో వియన్నాలో ప్లాస్ల్, 1880లో యెనాలో ఎర్నెస్ట్ అబ్బే, ఒక్కొక్కరూ ఒక్కో కొత్తరకం ఐపీస్ చేశారు. నా మనసు ఆ చివరిపేరు దగ్గరే ఆగిపోతుంది. మాస్టారు జేబులోంచి తీసింది అబ్బే చేసిన ఆర్థోస్కోపిక్ రకమే.

దాని పనితనం చూడండి. మూడు గాజులను అతికించి ఒకటిగా చేశారు, కంటివైపు మరొకటి పెట్టారు. గాలీ గాజూ కలిసే తలాలు మొత్తం నాలుగే. పూత లేని గాజు ఒక్కో తలం దగ్గర సుమారు 4 శాతం వెలుగును వెనక్కి తిప్పికొడుతుంది. ఆ తిప్పికొట్టిన వెలుగు ఊరుకుంటుందా? లోపలే అటూ ఇటూ కొట్టుకుని, గురుగ్రహం పక్కన ఇంకో దొంగ గురుణ్ణి చూపిస్తుంది, నల్లటి ఆకాశాన్ని బూడిదరంగు చేస్తుంది. అందుకే మంచి పనివాడు గాజు మీద పూత పూసి వదిలెయ్యడు. గాజు అంచులకు కూడా నల్లరంగు వేస్తాడు. గొట్టం లోపలిగోడ మెరవకుండా గరుకు చేస్తాడు. చూపువలయం, అంటే ఐపీస్‌లో కనిపించే గుండ్రటి ఆకాశం, దాని అంచు కత్తితో కోసినట్టు ఉండేలా చూస్తాడు. ఐపీస్ కొనేటప్పుడు దాన్ని దీపం వైపు తిప్పి లోపలికి చూడండి. మెరుపు ఎక్కువైతే దించేయండి.

లోపాలు లేవని అనను. 6 మి.మీ. ఆర్థోకి కన్ను దాదాపు ఆనించాలి, కళ్లద్దాల వాళ్లకు అది నరకమే. చూపువలయం 40, 45 డిగ్రీలకు మించదు. 200 రెట్ల దగ్గర, మోటారు లేని డాబ్‌లో శని ఒక కొసనుంచి ఇంకో కొసకు 50 సెకన్లలో దాటిపోతుంది. ఆ ఇబ్బందిని పోగొట్టిన మహానుభావుడు ఆల్ నాగ్లర్. అపోలో వ్యోమగాములు చంద్రుడి మీద దిగడం సాధన చేసిన సిమ్యులేటర్‌కి కటకాలు కూర్చినవాడాయన. 1977లో టెలివ్యూ సంస్థ పెట్టి, తర్వాత ఏడు గాజులతో 82 డిగ్రీల ఐపీస్ తెచ్చాడు. అందులో మృగశిర నెబ్యులా చూస్తే కిటికీలోంచి చూస్తున్నట్టు ఉండదు, కిటికీ దాటి బయట నిలబడ్డట్టు ఉంటుంది. ఆయనకు నా నమస్కారం. కానీ గ్రహాల దగ్గరికొస్తే మాత్రం నా ఓటు అబ్బేకే.

ఐపీస్ మార్చడం ఎంత పని చేస్తుందో ఖగోళ పరిశీలకుడు హెర్షెల్‌ని చూసి నేర్చుకోవాలి. 1781 మార్చి 13 రాత్రి, బాత్ నగరంలో, తన చేత్తో అరగదీసిన 6.2 అంగుళాల అద్దంలో 227 రెట్ల ఐపీస్‌తో చూస్తుంటే ఒక చుక్క కాస్త ఉబ్బుగా తోచింది. ఇంకొకరైతే పోనీలే అనుకునేవారు. ఆయన 460 రెట్లది, ఆ తర్వాత 932 రెట్లది మార్చి చూశాడు. నక్షత్రమైతే ఆ లెక్కన పెరగదు, ఇది పెరిగింది. యురేనస్ అలా దొరికింది! ఆ ఐపీస్‌లు కూడా ఆయన సొంత చేతిపనే. మన విశాఖలో అంకితం వెంకట నరసింగరావుగారు 19వ శతాబ్దంలోనే సొంత వేధశాల నడిపి, గ్రహాలు సూర్యబింబం మీదుగా దాటడం గమనించారు. ఆయన వాడిన ఐపీస్‌లు ఏమయ్యాయో అని ఆ ఊరు వెళ్లినప్పుడల్లా నా ప్రాణం కొట్టుకుంటుంది.

ఇప్పుడు ఏం అమ్ముతున్నారో చూస్తే కడుపు మండుతుంది. రంగురంగుల అట్టపెట్టె, మీద శని బొమ్మ, "675 రెట్లు" అని పెద్ద అక్షరాలు. లోపల 60 మి.మీ. కటకం. 900 మి.మీ. నాభ్యంతరాన్ని 4 మి.మీ. ఐపీస్‌తో భాగించి, ఆ 225ని మూడింతలు చేసే బార్లో కటకంతో హెచ్చవేస్తే వచ్చిన సంఖ్య అది. కటకం వెడల్పులో మి.మీ.కి రెండు రెట్లకు మించి పనికిరాదని ఆకాశం చూసే ప్రతివాడికీ తెలుసు. అంటే ఈ గొట్టానికి 120 రెట్లే హద్దు! పోయినేడు ఒక తండ్రి అలాంటిదే పట్టుకుని మా డాబాకి వచ్చాడు. పదేళ్ల కొడుకు, "నాన్నా, ఇందులో ఏమీ కనిపించట్లేదు, నాకే చూడ్డం రావట్లేదా?" అని అడిగాడట. తప్పు పిల్లాడి నెత్తిన పడింది! ఆ పెట్టెలోనే ఐపీస్‌కి బిగించే చిన్న నల్లగాజు సూర్యుడి ఫిల్టరు కూడా ఉంది. సూర్యుడి వేడంతా కటకం పోగుచేసి ఆ గాజు మీదే పెడుతుంది. అది పగిలిన క్షణమే కన్ను పోతుంది. దాన్ని అక్కడే సుత్తితో పగలగొట్టించాను. సూర్యుడి ఫిల్టరు ఎప్పుడైనా దూరదర్శిని ముందుమూతికే కట్టాలి.

ఫోన్‌లో బొమ్మ చూపించే కొత్తరకం దూరదర్శినుల్లో చాలావాటికైతే ఐపీసే లేదు. బొమ్మ అందంగానే వస్తుంది. కానీ శని నుంచి గంటకు పైగా ప్రయాణం చేసి వచ్చిన వెలుగు నా కంటిలో దిగకుండా తెరమీద దిగితే, నేను శనిని చూసినట్టా?

మన కోస్తా ఉక్కలో మంచి ఐపీస్‌కి ఇంకో శత్రువు ఉంది, బూజు. రాత్రి మంచు తడితోనే మూతపెట్టి తోలుసంచిలో పడేస్తే రెండు వానాకాలాల్లో గాజు మీద సాలెగూడు లాంటి మచ్చ పడుతుంది. ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ధూళి పడితే ముందు రబ్బరు బుడ్డితో ఊదండి. పంచె కొంగుతో తుడవడం మహాపాపం.

నా డాబ్‌కి పేరిచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత మఠంలో సన్యాసిగా ఉండగా తొలి దూరదర్శిని చేసుకున్నది పాత సామాన్ల కొట్లో దొరికిన కటకంతో, ఒక పాత బైనాక్యులర్ ఐపీస్‌తో. తర్వాత వీధి మూలల్లో నిలబడి దారినపోయే వాళ్లందరికీ శనిని చూపించాడు. పాత ఐపీస్ విలువ అంతటిది. జపనీయులు ఒకప్పుడు పోటీపడి చేసిన ఆర్థోలు ఇవాళ కొత్తవి దొరకడం గగనమైపోయింది. కానీ మీ తాతగారి బీరువాలోనో, మీ కాలేజీ భౌతికశాస్త్ర ప్రయోగశాల అటకమీదో ఒకటి రెండు మిగిలి ఉండొచ్చు. అగ్నిపర్వతంలా పైకి సన్నబడే నల్లటి మూతి, దాని అంచు మీద "ఓఆర్" అన్న రెండు ఇంగ్లిషు అక్షరాలు, ఒక అంకె. కనబడితే అమ్మకండి, పారెయ్యకండి. వీధిలో డాబ్ ఉన్న కుర్రాడెవరో కనుక్కుని, ఒక రాత్రికి అరువివ్వండి.