మోసే చేతుల రంగు

ఒంటి రంగును, ముఖ కవళికలను బట్టి మనుషులను ఎక్కువ తక్కువ మెట్లుగా విడదీసే జాతి భావన శాస్త్రగ్రంథాల్లో పుట్టిందని చాలామంది తలుస్తారు. 1735లో ప్రకృతి శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ మానవులను నాలుగు ఖండాలకు నాలుగు రకాలుగా విభజించిన మాట, ఆ శతాబ్దపు చివరి పాదంలో జర్మన్ శాస్త్రవేత్త బ్లూమెన్‌బాక్ వాటిని ఐదు చేసిన మాట నిజమే. అయితే ఆ గ్రంథాలు లాటిన్‌లో ఉండేవి, చదివినవారు కొద్దిమందే. వాటికి చాలాముందే యూరప్ సంపన్నుల ఇళ్లలోని దీపస్తంభాలు, బల్లలు, బొమ్మలు అదే పాఠాన్ని మౌనంగా నేర్పుతూ వచ్చాయి. కళ్లెదుట నిత్యం మెదిలే వస్తువును ఎవరూ ఒక వాదంగా చూడరు కనుక దానికి ఎదురుచెప్పరు. అలంకార కళలకున్న అసలు బలం అదే.

ఈ పాఠానికి ఒక నమూనా గ్రంథం ఉంది. భావాలను మనుషుల రూపంలో ఎలా చిత్రించాలో కళాకారులకు చెప్పే ‘ఇకనోలోజియా’ను ఇటలీకి చెందిన చెజారే రీపా రచించగా, బొమ్మలతో వెలువడిన 1603 నాటి ముద్రణలో నాలుగు ఖండాలూ నలుగురు స్త్రీలుగా కనిపిస్తాయి. యూరప్ తలపై కిరీటం, చేతిలో దేవాలయం ఉంటే, ఆఫ్రికా చేతిలో తేలు ఉంటుంది. అమెరికా ఈకల కిరీటంతో, తెగిన మనిషి తలను కాలికింద పెట్టుకుని నిలబడుతుంది. పరాయి ఖండాలను చూడని వడ్రంగి, కుమ్మరి, కంసాలి కూడా ఈ గుర్తులను చూసి పనిచేయగలిగారు కాబట్టి, ఒకే ముద్ర వేల వస్తువులపై పడింది.

జర్మనీలోని సాక్సనీలో 1710లో వెలసిన మైసెన్ పింగాణీ కార్ఖానాలో ప్రధాన శిల్పి యోహాన్ యోఆఖిమ్ కెండ్లర్ 1740ల్లో ఈ ఖండాలను చిన్న బొమ్మలుగా మలిచాడు. యూరోపియన్ రూపాలకు పింగాణీకి సహజమైన తెలుపునే చర్మంగా వదిలి, బుగ్గలకు, పెదవులకు మాత్రమే కాస్త ఎరుపు అద్దే ఆ కాలపు పద్ధతిలో, ఆఫ్రికన్ రూపాలకు మాత్రం ఒళ్లంతా గోధుమ లేదా నలుపు రంగు పూయవలసి వచ్చేది. బంగారంతో సమానంగా చూసిన ఆ తెల్లని పదార్థమే యూరోపియన్ దేహానికి ప్రమాణంగా నిలవడంతో, తెలుపు సహజమనీ మిగిలిన రంగులన్నీ పైనుంచి పూసినవనీ చూపరుల మనసులో నాటుకుంది. ఈ బొమ్మలు విందు చివర మిఠాయిల బల్లపై, అంతకుముందు చక్కెర పాకంతో చేసే బొమ్మల స్థానంలో కొలువుదీరేవి. ఆ బల్లపైకి వచ్చే చక్కెరలో ఎంతో భాగం కరీబియన్ దీవుల్లో ఆఫ్రికన్ బానిసల చెమటతో పండినదే.

అదే సాక్సనీలోని డ్రెస్డెన్‌లో ‘గ్రీన్ వాల్ట్’ అనే పాలకుల ఖజానాలో 1724 నాటి ఒక శిల్పం ఉంది. శిల్పి బాల్తజార్ పెర్మోజర్ పియర్ చెట్టు కర్రతో చెక్కి, ముదురు లక్క పూతతో తీర్చిదిద్దిన ఆ యువకుడు, కొలంబియా నుంచి వచ్చిన పచ్చల రాయిని పళ్లెంలో పెట్టి నవ్వుతూ అందిస్తుంటాడు. అతని తలపై ఈకల కిరీటం, ఒంటిపై పచ్చబొట్లు అమెరికా ఆదివాసులవి. అయినా అతనికి దక్కిన పేరు ‘మూర్’, అంటే ఉత్తర ఆఫ్రికా ముస్లింలకు వాడి, తర్వాత నల్లవారందరికీ అంటించిన పేరు. రెండు ఖండాల ప్రజలను ఒకే దేహంలో కలిపేయడానికి కారణం అజ్ఞానం ఒక్కటే కాదు; వారిద్దరికీ ఆ ఆస్థానం ఇచ్చిన పని ఒక్కటే, సంపదను మోసుకొచ్చి అందించడం. వెనిస్‌లోని కా రెత్సోనికో భవనంలో ఉన్న శిల్పి ఆంద్రేయా బ్రుస్తొలోన్ చెక్కడాలు ఇంకా నిష్కర్షగా మాట్లాడతాయి. వెనియర్ కుటుంబం కోసం 1700 ప్రాంతంలో చేసిన ఆ సామగ్రిలో ఎబొనీ అనే నల్లచేవ కర్రతో చెక్కిన ఆఫ్రికన్ యువకులు కుండీలను మోస్తుంటారు. కొందరి మెడల్లో గొలుసులుంటాయి. కండరాల పొంకంలోని నైపుణ్యాన్ని మెచ్చుకునే కన్ను గొలుసును కూడా ఆభరణంగానే చూడటానికి అలవాటుపడటం అత్యంత విషాదకరం.

అలంకార కళల్లోని ఈ నేర్పు అన్యాయాన్ని ఎదిరించడానికీ పనికొచ్చింది. 1787లో ఇంగ్లండ్ కుమ్మరి జోసయా వెడ్జ్‌వుడ్ కార్ఖానా, తెల్లని నేపథ్యంపై నల్లని మనిషి సంకెళ్లతో మోకరిల్లి, తానూ మనిషినే, సోదరుణ్ణే కదా అని అడిగే చిన్న పతకాన్ని తయారుచేసింది. దాన్ని స్త్రీలు కంకణాల్లో, జడపిన్నుల్లో పొదిగించుకోగా, బానిస వ్యాపార వ్యతిరేక ఉద్యమం ఇళ్లలోకి ప్రవేశించింది. అయినా ఆ మనిషి నిలబడి తన హక్కును డిమాండ్ చేయడు, మోకాళ్లపై ఉండి దయను కోరతాడు. మంచి ఉద్దేశంతో చేసిన వస్తువు కూడా ఆ పాత భంగిమను దాటలేకపోయింది.

ఈ చరిత్ర తెలుగువారికి పూర్తిగా పరాయిది కాదు. కోరమాండల్ తీరపు నూలు బట్టలను యూరప్ కంపెనీలు కొని, పశ్చిమ ఆఫ్రికా రేవుల్లో బందీలకు బదులుగా ఇచ్చేవి. తమ నేత ఏ బేరానికి పనికొచ్చిందో నేతగాళ్లకు తెలిసే అవకాశం లేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీని చూసేవారికీ ఈ ఎరుక ఉండాలి. అలాంటి వస్తువులను పగలగొట్టడం, దాచేయడం పరిష్కారం కాదు, ఎందుకంటే అవి కనబడకపోతే సాక్ష్యమే పోతుంది. పక్కన ఉంచే వివరణ పలకపై శిల్పి పేరు, కర్ర రకం, సంవత్సరంతో పాటు ఎవరు నిలబడ్డారు, ఎవరు మోస్తున్నారు, ఎవరి శ్రమతో ఆ సంపద వచ్చింది అన్నదీ రాయడం మ్యూజియంల బాధ్యత. నైపుణ్యాన్ని మెచ్చుకుంటూనే ఆ నైపుణ్యం ఎవరిని తక్కువ చేసిందో అడగడం చూపరుల బాధ్యత.