పఠనత్యాగ విచారము

మొదలిడిన గ్రంథము రుచింపనపుడు తుదదాఁకఁ జదువవలెనా, నడుమ విడువవచ్చునా యను ప్రశ్నము పైకిఁ జిన్నదిగాఁ గానవచ్చును. కాని బడులలో బాలురచేఁ గావ్యములు చదివించు పండితులకును, గుణదోషనిర్ణయము చేయు విమర్శకులకును నిది దినదినము నెదురగు చిక్కు. విడువరాదని నిర్బంధించినచోఁ జదువునందే ద్వేషము పుట్టును. ఇచ్చవచ్చినట్లు విడువుమన్నచో నొక్కొకప్పు డుత్తమగ్రంథమే చేజాఱును. కావునఁ ద్యాగమునకు నియమ మేదియో విచారింపవలసియున్నది.

విఘ్నములు పైకొన్నను బ్రారబ్ధమును విడువనివాఁ డుత్తముఁడను నీతి లోకమునఁ బ్రసిద్ధము. దీనిని బట్టి గ్రంథత్యాగము మధ్యమాధముల లక్షణమని పలువు రందురు. ఆ నీతికి విషయ మేదియో ముందు చూడవలెను. జైమినీయమున నాఱవ యధ్యాయమున నీ విచారము కలదు. ఫలకామనచే మొదలిడిన వైదికకర్మను, నడుమఁ గోరిక నశించినను, ముగింపవలసినదే యని యొక యధికరణము. ఇల్లు కట్టుట మున్నగు లౌకికకర్మల కట్టి నియమము లేదని దానిని వెన్నంటిన వేఱొక యధికరణము. వేదాధ్యయనము విధిప్రాప్తము. కావ్యపఠనమునకో, ఆనందమును వ్యుత్పత్తియు దృష్టఫలములు. దృష్టఫలము సమకూడనియెడ యత్నము మానినవానికిఁ బ్రత్యవాయము లేదు. కావున విడుచుటయే పాపమను పూర్వపక్షము నిలువదు. ఎప్పుడు విడువవలెననునదియే మిగిలిన ప్రశ్నము.

దీనికి వ్యాకరణమహాభాష్యమునఁ జక్కని నిదర్శనము కలదు. బృహస్పతి యింద్రునకు వేయి దివ్యవర్షములు శబ్దముల నొక్కొకటిగాఁ జెప్పెననియు, నైనను దుద గానరాలేదనియుఁ బతంజలి పస్పశాహ్నికమునఁ దెలిపెను. చెప్పువాఁడు బృహస్పతి, వినువాఁ డింద్రుఁడు, కాలము దివ్యమానము, అయినను బాఠము ముగియలేదు. ఇంతమాత్రమున భాష్యకారుఁడు శబ్దజ్ఞానమును విడువుమనలేదు. ప్రతిపదపాఠమను నుపాయమును విడిచి, యుత్సర్గాపవాదరూపమగు సూత్రమార్గమును బట్టుమనెను. ఉపాయత్యాగము వేఱు, ఉపేయత్యాగము వేఱు. చదువరి విసిగినపుడు విడువఁదగినది పలుమాఱు గ్రంథము గాదు. దానిని జదువు తీరు. నిఘంటువు చేతఁ బట్టి పదపదమునకు నాఁగుచు వసుచరిత్రమును జదువఁబూనినవాఁడు మూఁడవ పద్యముననే యలసిపోవును. ఆ పద్యములనే తొలుత రాగవరుసను వినిపించి, పిదప శ్లేషను విప్పిచెప్పినచో నావిద్యార్థియే మఱియొక పద్యము చదువుమని కోరును.

విసువునకుఁ గారణ మెక్కడనున్నదో గుర్తించుట రెండవ మెట్టు. అభినవగుప్తుఁడు నాట్యశాస్త్రవ్యాఖ్యయందు రసప్రతీతికి విఘ్నములు సప్తవిధములని చెప్పెను. ఆ విచారము నాట్యమును గుఱించినదైనను జదువునకును నన్వయించును. అందు నిజసుఖదుఃఖములచే వివశుఁడగుట యొకటి. దేశకాలముల యభినివేశమున మునిఁగి కథను దనకో పరునకో సొంతముగా భావించుట మఱియొకటి. ఈ రెండును జదువరియందలి దోషములు. ఇంట జబ్బుమనిషిని బెట్టుకొని యుత్తరరామచరితము రుచింపలేదనువాఁడు పుస్తకమును విడువనక్కఱలేదు; కొంతకాలము దాఁచియుంచినఁ జాలును. ప్రతీతికిఁ దగిన యుపాయము లేకుండుట వేఱొక విఘ్నము. పాఠకుని పట్ల నది పదజ్ఞానలోపము. వ్యాఖ్యచేతనో గురువుచేతనో తీఱును. స్ఫుటత లేకుండుట, ప్రధాన మేదియో తెలియకుండుట, సంశయము తీఱకుండుట యనునవి గ్రంథమునందే యున్నచో వానికి జదువరి చేయఁగల చికిత్స లేదు. మొదటి తెగకు వాయిదా, రెండవదానికి సహాయము, మూఁడవదానికే త్యాగము.

కొల్లేటిసీమకుఁ జెందిన యొక నిదర్శన మిచ్చటఁ బేర్కొనఁదగినది. దండి దశకుమారచరిత్రమును బూర్వపీఠికతో మొదలిడి చదివించుట వాడుక. ఆ పీఠిక యయిదుచ్ఛ్వాసములది. కథాంశములు మూలముతో నచ్చటచ్చటఁ బొసఁగమిచేతను, శైలీభేదముచేతను నది దండిరచన గాదని విద్వాంసులలోఁ బెక్కుర యభిప్రాయము. దండివిగా నంగీకరింపఁబడిన యెనిమిదుచ్ఛ్వాసము లటుపిమ్మట నున్నవి. పీఠికలోని దీర్ఘసమాసములకును యమకములకును విసిగి పుస్తకము మూసిన విద్యార్థి దండిని విడిచితినని తలఁచును. నిజమునకు దండి వాక్య మొక్కటియైనను వాఁడు చదివియుండఁడు.

ఏడవ యుచ్ఛ్వాసమున మంత్రగుప్తుఁడు ప్రియాదంతక్షతమైన పెదవితో, నోష్ఠ్యవర్ణ మొక్కటియు రాకుండఁ దన కథఁ జెప్పును. అందాంధ్రనగరమును, దాని కనతిదూరమున జలపక్షులతో నిండి సముద్రమును బోలు సరస్సును వర్ణితములు. ఆంధ్రరాజగు జయసింహుని మంత్రగుప్తుఁ డా సరస్సులోనే చంపి, క్రొత్తమేను దాల్చిన రాజువలెఁ దానే వెలువడును. ఆ సరస్సు కొల్లేరనియు, నగరము వేంగియనియుఁ గొందఱు పరిశోధకు లూహించిరి. వేంగి యనఁగా నేలూరికి నుత్తరమునఁ గొలఁదిదూరముననున్న నేఁటి పెదవేగి. తమ్మిలేటి బుడమేటి నీళ్లు చేరి, యుప్పుటేటిగుండ సముద్రమునకుఁ బోవు కొల్లేటిని గన్నులారఁ జూచిన యేలూరు తాడేపల్లిగూడెముల బాలుఁడు పీఠికలోనే నిలిచిపోయినచోఁ దన సీమ సంస్కృతగద్యమున వెలసిన చోటే యెఱుఁగక పోవును. అట్టివానికి నేడవ యుచ్ఛ్వాసమునే ముందు చెప్పుట మేలు. కుమారులకథలు వేఱువేఱుగా నున్న గ్రంథమగుటచేఁ గ్రమభంగమువలన హాని స్వల్పము. సంస్కృతము కొఱుకుడుపడనివానికి 13వ శతాబ్దమునఁ గేతన తెనిఁగించి తిక్కన కంకితమిచ్చిన దశకుమారచరిత్రము కలదు. ఇది త్యాగము గాదు, ద్వారము మార్చుకొనుట.

గ్రంథదోషమని తోఁచినదెల్ల దోషము గాకపోవచ్చును. పింగళి సూరన కళాపూర్ణోదయ మెనిమిదాశ్వాసముల కావ్యము. కథాబీజమైన సరస్వతీచతుర్ముఖుల వృత్తాంతము గ్రంథమధ్యమునఁ గాని వెలువడదు. అందాఁక కలభాషిణి, మణికంధరుఁడు, రంభానలకూబరుల కథలు ముడిమీఁద ముడిగాఁ బెనఁగొనును. రెండవ యాశ్వాసమున విడిచినవాఁడు చిక్కును మాత్రము చూచి, దానిని విప్పిన నేర్పును జూడకపోవును. వసుచరిత్ర మిందులకు విపరీతము. భారతమునందలి యుపరిచరవసువు కథ చిన్నది. అది యాఱాశ్వాసములుగాఁ బెరిగినది. కథకై వచ్చినవాని కందలి కొఱఁత మొదటనే తెలియును. వాఁడు విడిచినఁ దప్పు లేదు. శ్లేషకును నాదమునకును వచ్చినవాఁడు విడిచినచో వానికే నష్టము. ఒకే గ్రంథ మొకనికి విడువఁదగినది, వేఱొకనికి విడువరానిది యగుటకు మూలము ప్రయోజనభేదమే.

ఎంత చదివి నిర్ణయింపవలెనని యడుగుదురు. ఇన్ని పుటలని లెక్కగట్టుట వ్యర్థము. వాక్యార్థబోధ కాకాంక్ష కారణమని శాబ్దికులు తార్కికులు నంగీకరింతురు. గ్రంథమునకును నదియే కొలఁబద్ద. కథచేఁ గాని, శబ్దముచేఁ గాని, తత్త్వముచేఁ గాని తరువాత నేమగునో, యేమనునో యను నాకాంక్ష పుట్టించుచున్నంతవఱకు, శ్రమ కలిగినను గ్రంథమును బట్టియుండవలెను. కళాపూర్ణోదయమున తొలి యాశ్వాసములు చిక్కులైనను, ఆ చిక్కులే యాకాంక్షను బుట్టించును. మార్గము మార్చినను, వ్యాఖ్య తోడైనను, మనసు కుదురుపడినను నాకాంక్షయే పుట్టనిచో నా గ్రంథ మా చదువరికిఁ గాదు. గ్రంథాలయశాస్త్రజ్ఞుఁడు రంగనాథన్ 1931లోఁ బ్రకటించిన పంచసూత్రములలోఁ బ్రతి చదువరికిఁ దన పుస్తకమును, బ్రతి పుస్తకమునకుఁ దన చదువరియుఁ గలరనియు, జదువరి కాలమును గాపాడవలెననియు నున్నది. ఒకఁడు విడిచిన పుస్తకము బీరువాలోఁ దన చదువరికై వేచియుండును. దానికిఁ గలిగిన యవమాన మేమియు లేదు.

కాని విడుచువానికున్న స్వాతంత్ర్యము తీర్పరికి లేదు. రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందు భావకులలో నరోచకులు, సతృణాభ్యవహారులు, మత్సరులు, తత్త్వాభినివేశులని నాలుగు తెగలు చెప్పెను. ఏదియు రుచింపనివాఁ డరోచకి. ఆ యరుచి సహజమైనచో నెన్ని సంస్కారములచేతను బోదనియు, జ్ఞానమువలనఁ గలిగినదైనచో విశిష్టరచనయందు రుచిగా మాఱుననియు నతఁడు వివరించెను. గడ్డితోఁగూడ మ్రింగువాఁడు సతృణాభ్యవహారి. దేనినైనను దుదముట్టించుటయే ఘనతయనువాఁడు వీనికోవలోనివాఁడే. విడిచి నిందించువాఁడు, విడువక మ్రింగువాఁడు నిరువురును దత్త్వాభినివేశికి దూరస్థులు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లోఁ బ్రకటించిన కవిత్వతత్త్వవిచారమునఁ గళాపూర్ణోదయమును సాంతముగాఁ బరామర్శించి, గుణదోషముల రెంటిని జూపిరి; ప్రబంధములయెడ వారు చెప్పిన కఠినవాక్యములకుఁ బండితులు కోపించిరి. కోపించినవారును వారి నెదుర్కొనుటకుఁ బ్రబంధములను మరలఁ జదువవలసివచ్చినది. 1945లో నేలూరున వెలసిన కళాశాల వారి పేరనే యున్నది. అట్టి కఠినోక్తి కధికారము చదివి ముగించుటవలననే వచ్చును.

కాఁబట్టి సిద్ధాంత మిది. ఆనందార్థియగు చదువరి యాకాంక్ష నశించినపుడు, సహాయమును వాయిదాను బరీక్షించిన పిమ్మట, నిస్సంకోచముగా విడువవచ్చును. విడిచినవాఁడు తనకు రుచింపలేదని మాత్రము చెప్పవలెను. గ్రంథము చెడ్డదని చెప్పరాదు. విమర్శకుఁడు విడువరాదు, విడిచినచో వ్రాయరాదు. బడిపండితుఁడు బాలుఁడు విసిగినపుడు బెత్తమును వెదకక, వాని కే యుచ్ఛ్వాసమునఁ దలుపు తెఱచియున్నదో వెదకవలెను.