ముంజేతితో మొదలు

ఫిజియోథెరపీ మొదటి ఏడాది పిల్లలకు ఎముకల పాఠం నేను పుర్రెతో మొదలుపెట్టను. ముంజేతితో మొదలుపెడతాను. పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలుంటాయని వాళ్లు బళ్లోనే చదువుకుని వస్తారు. ఆ అంకె వల్ల పేషెంటుకు ఒరిగేదేమీ లేదు. మోచేతికీ మణికట్టుకీ నడుమనున్న రేడియస్‌నీ అల్నానీ కళ్లు మూసుకుని తమ చేతి మీదే తడిమి చెప్పగలిగితే, తక్కినవాటికి దారి దొరికినట్టే.

ముందు అందర్నీ లేచి నిలబడమంటాను. చూపు ఎదురుగా, చేతులు పక్కలకు వదిలేసి, అరచేతులు ముందుకు. ఇదే అనాటమికల్ పొజిషన్. పేషెంటు బోర్లా పడుకున్నా, స్ట్రెచర్ మీద ముడుచుకుపోయి ఉన్నా, ఇలాగే నిలబడి ఉన్నట్టు భావించి దిక్కులు చెప్పాలి. బొటనవేలి వైపున్నది రేడియస్. నడిమి గీతకు దూరంగా ఉంది కనుక లాటరల్. చిటికెనవేలి వైపు అల్నా, మీడియల్. ఇప్పుడు అరచేతిని వెనక్కి తిప్పమంటాను. రేడియస్ అల్నా మీదుగా అడ్డంగా వచ్చి పడుతుంది, బొటనవేలు తొడవైపుకి వస్తుంది. అయినా రేడియస్ లాటరల్ ఎముకే. చెయ్యి ఎటు తిరిగినా ఆ మాట మారదు. రాత్రి డ్యూటీ వాళ్లు రాసింది పొద్దున వచ్చినవాళ్లకు అదే అర్థంలో అందేది అందువల్లే.

మొండేనికి దగ్గరి కొస ప్రాక్సిమల్, దూరపు కొస డిస్టల్. ఇది తేలిగ్గానే పట్టుబడుతుంది. ఇబ్బంది 'హెడ్' దగ్గర. రేడియస్ హెడ్ మోచేతి దగ్గరుంటే, అల్నా హెడ్ మణికట్టు దగ్గరుంటుంది. చిటికెనవేలి వైపు, చేతి వెనక గుండ్రంగా వేలికి తగిలే బుడిపె అదే. రిపోర్టులో ఆ ఒక్క మాట చూసి ఎముక పేరు చదవకపోతే, నొప్పి ఒకచోట, మన వేళ్లు ఇంకోచోట. అందుకే ఏ వైపు చెయ్యి, ఏ ఎముక, ఏ కొస అని మూడూ పలికాకే ముందుకు వెళ్లనిస్తాను. ఈ విషయంలో నాది మొండిపట్టే.

మోచేతి దగ్గర అల్నా దిట్టం, మణికట్టు దగ్గర రేడియస్ వెడల్పు. మనిషి జారి అరచెయ్యి నేలకు ఆనించినప్పుడు బరువు ఎక్కువగా పడేది రేడియస్ డిస్టల్ కొస మీదే. ముట్లుడిగాక ఎముక గుల్లబారిన ఆడవాళ్లలో అది తేలిగ్గా విరుగుతుంది. విరిగిన కొస వెనక్కి జరిగితే కాలిస్ ఫ్రాక్చర్. డబ్లిన్ సర్జన్ అబ్రహామ్ కాలిస్ దీన్ని వర్ణించింది 1814లో. రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనిపెట్టింది 1895లో. ఎక్స్‌రే లేని రోజుల్లో చర్మం కింది ఎముక విరుపును అంత కచ్చితంగా చెప్పిన ఆ సర్జన్ అంటే నాకు గొప్ప గౌరవం. అదే కొస అరచేతి వైపుకి జరిగితే స్మిత్ ఫ్రాక్చర్. ఎముక అదే, చోటూ అదే. జరిగిన దిక్కును బట్టి పేరూ మారుతుంది, చూసే పద్ధతీ మారుతుంది.

మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో స్కాఫాయిడ్ గురించి మాత్రం గట్టిగా చెబుతాను. దానికి రక్తం చాలావరకు డిస్టల్ వైపు నుంచి వస్తుంది. నడుమ విరిగితే ప్రాక్సిమల్ ముక్కకు రక్తం అందక అది చచ్చుబడవచ్చు. పైగా మొదటి ఎక్స్‌రేలో విరుపు కనబడకపోవచ్చు. బొటనవేలు చాపినప్పుడు దాని మొదట్లో పడే గుంటలో నొక్కి "ఇక్కడ నొప్పిగా ఉందా అమ్మా?" అని అడగాలి. ఉందంటే ఫిల్మ్ బాగుందని ఇంటికి పంపకూడదు.

రేడియస్‌నీ అల్నానీ కలుపుతూ ఇంటరాసియస్ మెంబ్రేన్ అనే బలమైన పొర ఉంటుంది. పరీక్షలో ఒకటో రెండో మార్కుల ప్రశ్న. నల్గొండ, ప్రకాశం వైపు పనిచేసేవాళ్లకు అది అంతకంటే చాలా ఎక్కువ. నీళ్లలో ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే ఆ పొరలో కాల్షియం పేరుకుని ఎక్స్‌రేలో తెల్లగా కనబడుతుంది. ఫ్లోరోసిస్‌ను గుర్తించడానికి పేరున్న ఆనవాళ్లలో అదొకటి. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, మన నెల్లూరు ప్రాంతంలో ఈ జబ్బును షార్ట్ బృందం 1937లోనే లోకానికి తెలిపింది. అలాంటి ఫిల్మ్ చేతికొస్తే ఆ మనిషిది ఏ ఊరో, చిన్నప్పటి నుంచి తాగింది ఏ బావి నీళ్లో, ఏ బోరు నీళ్లో అడగమంటాను. ఆ జవాబు కూడా కేస్ షీటులోకి ఎక్కాలి, ఎముక పేరు పక్కనే.