మూకీలో కోటీశ్వరుడు, టాకీలో దొంగ: గోర్డన్ హార్కర్ పాత్రలపై ఒక పరిశీలన

ఒక కళారూపం ఎవరి పక్షాన నిలబడిందో తేల్చుకోవాలంటే నాయకుడి సంభాషణలు వింటే చాలదు. నాయకుడికి కోటు అందించేవాడు, తలుపు తీసేవాడు, బండి తోలేవాడు ఎలా ఉన్నాడో చూడాలి. నాయకుణ్ణి రచయిత జాగ్రత్తగా తీర్చిదిద్దుతాడు. తన ఆదర్శాలన్నీ అతని నోట పలికిస్తాడు. పక్కపాత్ర దగ్గరకు వచ్చేసరికి ఆ జాగ్రత్త సడలుతుంది. సమాజం గురించి రచయిత మనసులో నిజంగా ఏముందో అక్కడే బయటపడుతుంది. ఈ మాట కథకూ నవలకూ ఎంత వర్తిస్తుందో సినిమాకూ అంతే వర్తిస్తుంది.

ఈ దృష్టితోనే తొలినాటి బ్రిటిష్ సినిమాలో గోర్డన్ హార్కర్ అనే గుణచిత్ర నటుడి పాత్రలను పరిశీలించాను. హిచ్‌కాక్ పేరు తెలిసిన మన సాహిత్య విద్యార్థుల్లో హార్కర్ పేరు విన్నవాళ్ళు తక్కువ. హిచ్‌కాక్ మూకీ చిత్రాలు తొమ్మిదింటిని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2012లో పునరుద్ధరించింది. వాటిలో మూడింట హార్కర్ ఉన్నాడు. ఆ మూడూ వరసగా చూసి, తర్వాత ఆయన టాకీల దగ్గరకు వెళ్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మాట లేనప్పుడు ఈ నటుడికి ఉన్న స్వేచ్ఛ మాట వచ్చాక తగ్గిపోయింది. ఎందుకు తగ్గింది అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

హార్కర్ 1885లో లండన్‌లో పుట్టాడు. తండ్రి జోసెఫ్ హార్కర్ నాటకాల తెరలు చిత్రించడంలో పేరుమోసినవాడు. హెన్రీ ఇర్వింగ్ ప్రదర్శనలకు పనిచేశాడు. కొడుకు ఇరవై ఏళ్ళు నిండకముందే రంగస్థలం ఎక్కాడు గానీ పేరు నలభయ్యో ఏట గానీ రాలేదు. 1926లో లండన్‌లో ప్రదర్శించిన ఎడ్గార్ వాలెస్ నేరకథా నాటకం 'ది రింగర్'లో శామ్ హాకిట్ అనే కాక్నీ కన్నపుదొంగ వేషం ఆయన్ని నిలబెట్టింది. కాక్నీ అంటే తూర్పు లండన్ శ్రామిక జనం యాస. ఆ యాస మాట్లాడే మనిషి కూడా. హార్కర్‌ది కూలి మీద బతికిన కుటుంబం కాదు, కళాకారుల కుటుంబం. కనుక తెరమీది కార్మికుడు ఆయన వేసిన వేషమే తప్ప ఆయన జీవితం కాదు. ఇది గుర్తుంచుకోవాలి.

ఆ 1926 మే నెలలోనే గని కార్మికులకు మద్దతుగా బ్రిటన్‌లో సార్వత్రిక సమ్మె తొమ్మిది రోజులు సాగింది. మరుసటి ఏడాది పార్లమెంటు సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్స్ చట్టం చేసింది. అప్పటికి బ్రిటన్ తెరలపై ఆడే చిత్రాల్లో స్వదేశీ చిత్రాలు సుమారు 5 శాతమే. మిగతా వాటిలో సింహభాగం హాలీవుడ్‌ది. సినిమా హాళ్ళు 5 శాతంతో మొదలుపెట్టి క్రమంగా 20 శాతం దాకా స్వదేశీ చిత్రాలు ఆడించాలని ఆ చట్టం నిర్దేశించింది. దాంతో స్టూడియోలకు ఊపిరి వచ్చింది. అయితే ఆ స్వదేశం ఎవరిది? ముందటేడు సమ్మె చేసిన మనుషులు ఆ స్వదేశపు తెరమీద ఏ మూల నిలబడాలి? హార్కర్ పాత్రలు ఈ ప్రశ్నకు జవాబు చెబుతాయి.

1927లో వచ్చిన హిచ్‌కాక్ 'ది రింగ్'లో హార్కర్ ఒక బాక్సర్‌కు తర్ఫీదు ఇచ్చేవాడు. సంతలో డేరా వేసుకుని పోటీలు నడిపే బీద బృందం వాళ్ళది. కింది పెదవి ముందుకు తోసి, ముఖం ముడిచి హార్కర్ నిలబడితే చాలు, ఆ డేరా బతుకంతా కళ్ళకు కడుతుంది. చర్చిలో పెళ్ళి జరుగుతుంటే పెళ్ళికొడుకు పక్కన నిలబడి ఉంగరం కోసం తడుముకుంటాడు. మనం నవ్వుతాం. కాని చర్చి మర్యాదలు తెలియనివాణ్ణి చూసి నవ్వుతున్నామా, మనిషిని చూసి మర్యాదలే తడబడుతున్నాయా అన్నది ఆ దృశ్యంలో ఒక పట్టాన తేలదు. మాట లేదు కనుకనే ఆ సందిగ్ధం నిలిచింది.

1928లో వచ్చిన 'ది ఫార్మర్స్ వైఫ్' ఈడెన్ ఫిల్‌పాట్స్ నాటకానికి తెర రూపం. భార్య పోయిన రైతు మళ్ళీ పెళ్ళి కోసం ఇల్లిల్లూ తిరుగుతాడు. అతని పాలేరు చర్డిల్స్ యాష్ వేషం హార్కర్‌ది. ఒక ఇంట్లో తేనీటి విందుకు ఈ పాలేరుకు తనది కాని కోటు తొడిగి, వచ్చినవాళ్ళ పేర్లు ప్రకటించే పని అప్పగిస్తారు. ఒక చేత్తో జారిపోయే ప్యాంటు పట్టుకుని ఆ పని చేస్తాడు. ఈ దృశ్యానికి నేను పగలబడి నవ్వాను. రెండోసారి చూసినప్పుడు అంత నవ్వు రాలేదు. ఆ బట్టలు అతను అడిగినవి కావు. ఆ పనీ అతను కోరింది కాదు. పెద్దింటివాళ్ళ ఆడంబరానికి అతని ఒళ్ళు కావలసి వచ్చింది, ఆ తర్వాత నవ్వుల పాలైందీ అతని ఒళ్ళే. ఈ సినిమాలో ఇల్లు చక్కదిద్దే పనిమనిషి చివరకు రైతు భార్య అవుతుంది. అంటే కిందివాళ్ళు కథ మధ్యకు రావడానికి పెళ్ళి అనే దారి ఒకటి ఉంది. పాలేరుకు ఆ దారీ లేదు.

అదే ఏడు హిచ్‌కాక్ 'షాంపేన్' తీశాడు. అందులో కథానాయిక తండ్రి అమెరికన్ కోటీశ్వరుడు. ఆ వేషం ఎవరిదనుకుంటున్నారు? హార్కర్‌దే! కూతురికి బుద్ధి చెప్పడానికి తండ్రి దివాళా తీసినట్టు నటిస్తాడు. పేదరికం ఇక్కడ ధనికుడు ఆడించే ఒక నాటకం. ఇది వస్తువు రీత్యా తేలిక కథే. కాని నటుడి జీవితంలో ఇది చిన్న విషయం కాదు. డేరా మనిషి, పాలేరు, కోటీశ్వరుడు అనే ముగ్గురికీ రెండేళ్ళ వ్యవధిలో ఒకే ముఖం సరిపోయింది. ముఖానికి వర్గం లేదని, బట్టలూ ఇల్లూ హోదాయే దానికి వర్గాన్ని అంటిస్తాయని మూకీ సినిమా తనకు తెలియకుండానే రుజువు చేసింది.

టాకీ రాగానే ఆ రుజువు చెదిరిపోయింది. ఇంగ్లండులో మనిషి నోరు విప్పితే అతని వీధి, బడి, తండ్రి సంపాదన అన్నీ తెలిసిపోతాయి. మాట్లాడే సినిమాలో 'ది రింగర్' 1931లో వచ్చింది. హార్కర్ మళ్ళీ దొంగ. అదే ఏడు 'ది క్యాలెండర్'లో దొంగతనం మానుకుని నౌకరు అయినవాడు. 1932లో 'ది ఫ్రైటెన్డ్ లేడీ'లో నవ్వించే పోలీసు సార్జెంటు. 1935లో 'బాయ్స్ విల్ బి బాయ్స్'లో మళ్ళీ దొంగ. 'రోమ్ ఎక్స్‌ప్రెస్'లో రైలు ప్రయాణికులను విసిగించే గోల్ఫ్ ఆటగాడి లాంటి మినహాయింపులు లేకపోలేదు. కాని మొత్తం మీద దారి ఖరారైపోయింది.

ఈ జాబితాను జాగ్రత్తగా చూడండి. దొంగ, నౌకరు, పోలీసు. వీళ్ళలో యంత్రం ముందు నిలబడేవాడు లేడు, గనిలోకి దిగేవాడు లేడు. శ్రమ లేని శ్రామికుడన్నమాట! ఇది కాకతాళీయం కాదు. బ్రిటిష్ సెన్సారు బోర్డు 1910లలోనే తయారుచేసుకున్న అభ్యంతరాల జాబితాలో పెట్టుబడికీ శ్రమకూ ఉన్న సంబంధాలు అనే అంశం ఉంది. నిరుద్యోగ కుటుంబాల మీద వాల్టర్ గ్రీన్‌వుడ్ 1933లో రాసిన 'లవ్ ఆన్ ది డోల్' నవలను సినిమాగా తీస్తామంటే 1936లో బోర్డు ఒప్పుకోలేదు. యుద్ధం మధ్యలో, 1941లో గానీ అది తెరకెక్కలేదు. కార్మికుడి యాసకు అనుమతి ఉంది. అతని పనికి, అతని జీతానికి, అతని కోపానికి అనుమతి లేదు. మిగిలింది హాస్యం.

దీనికి ఒక అభ్యంతరం చెప్పవచ్చు. ఆ హాళ్ళలో కూర్చున్నది కార్మికులే, హార్కర్‌ను నెత్తిన పెట్టుకున్నదీ వాళ్ళే కదా అని. నిజమే. నాటకాల బడి నేర్పిన ఉన్నత వర్గపు ఇంగ్లీషు రాజ్యమేలుతున్న తెరమీద తమ వీధి మాట వినబడటం వాళ్ళకు తప్పక ఆనందం కలిగించి ఉంటుంది. ఆ ఆనందాన్ని తక్కువ చేయడం విమర్శ కాదు, అహంకారం. కాని తమ మాట వినబడటం వేరు, తమ మాటకు విలువ దక్కడం వేరు. హార్కర్ నటజీవితంలోని వైరుధ్యమంతా ఈ రెంటి మధ్యే ఉంది. 1930 నాటి 'ఎల్‌స్ట్రీ కాలింగ్'లో ఈ వైరుధ్యం బొమ్మ కట్టినట్టుంది. అది పాటల, ఆటల కదంబం. దాని మధ్య మధ్య హిచ్‌కాక్ తీసిన ముక్కల్లో హార్కర్ ఇంట్లో కూర్చుని టెలివిజన్ యంత్రంతో కుస్తీ పడుతుంటాడు. ప్రదర్శన జరుగుతూనే ఉంటుంది. అతనికి మాత్రం బొమ్మ రాదు. అప్పటికి టెలివిజన్ ప్రయోగదశలో ఉంది కనుక అది ఆ రోజుల ముచ్చట. నాకు మాత్రం అది అతని వర్గానికీ ఆనాటి సినిమాకూ ఉన్న సంబంధంలాగే కనిపిస్తుంది.

అలాగని హార్కర్ ఎప్పుడూ పక్కనే ఉండిపోలేదు. 1935లో మైకేల్ పావెల్ తీసిన 'ది ఫాంటమ్ లైట్'లో వేల్స్ తీరపు దీపస్తంభానికి వచ్చిన లండన్ ఉద్యోగిగా కథ మధ్యలోకి వచ్చాడు. ఇక్కడ అతనికొక పని ఉంది: దీపం ఆరకుండా చూడటం. 1939, 1941 సంవత్సరాల మధ్య మూడు చిత్రాల్లో ఇన్‌స్పెక్టర్ హార్న్‌లీ అయ్యాడు. సార్జెంటు వేషం ఆలిస్టర్ సిమ్‌ది. కాక్నీ గొంతు నాయకస్థానం ఎక్కింది. కాని ఎక్కడానికి రాజ్యం ఇచ్చిన అధికారాన్ని ఒంటిమీద వేసుకోవలసి వచ్చింది.

అందుకే 1940లో ఈలింగ్ సంస్థ నిర్మించగా వాల్టర్ ఫోర్డ్ దర్శకత్వం వహించిన 'సెలూన్ బార్' నాకు వీటన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. పబ్‌లో పనిచేసే అమ్మాయిని పెళ్ళాడవలసిన యువకుడికి హత్యానేరం మీద ఉరిశిక్ష పడింది. గడువు దగ్గరపడింది. అక్కడికి రోజూ వచ్చే గుర్రప్పందేల బుకీ జో హారిస్ అసలు హంతకుణ్ణి వెతికే పని నెత్తిన వేసుకుంటాడు. ఆ వేషం హార్కర్‌ది. ఇందులోనూ కర్మాగారం లేదు, సమ్మె లేదు. కాని న్యాయస్థానం పొరపాటు పడితే దాన్ని సరిదిద్దేది పబ్‌లో చేరిన మామూలు మనుషులు. కాక్నీ యాస ఇక్కడ నవ్వించడానికి మాత్రమే కాదు, ఆలోచించడానికీ పనికొచ్చింది. అదే నటుడు, అదే పెదవి, అదే గొంతు. మారింది పాత్రకు రచయిత ఇచ్చిన బాధ్యత ఒక్కటే. హార్కర్ 1959 దాకా సినిమాల్లో కనిపించాడు. 1967లో మరణించాడు.

ఇది రాస్తుంటే నా తప్పు ఒకటి చెప్పుకోవాలనిపించింది. పద్దెనిమిదేళ్ళుగా బడి వార్షికోత్సవాలకు పిల్లల చేత నాటికలు వేయిస్తున్నాను. డాక్టరు, కలెక్టరు వేషాలకు ఉచ్చారణ బాగుందనిపించిన పిల్లల్ని ఎంచుతాను. జీతగాడి వేషానికి మాత్రం ఊరి చివర వాడల నుంచి వచ్చే పిల్లలే గుర్తొస్తారు. యాస సహజంగా పలుకుతారని నా సమర్థన. ఒక ఏడు అలాంటి పిల్లవాడొకడు ఈసారి డాక్టరు వేషం కావాలన్నాడు. నీ మాట దానికి నప్పదురా అన్నాను. "మాటలు లేకపోయినా ఫర్వాలేదు మాస్టారూ, కోటేసుకుని నిలబడతాను" అన్నాడు. అప్పుడు నవ్వేశాను. 'షాంపేన్'లో కోటీశ్వరుడి బట్టల్లో నిలబడిన హార్కర్‌ను చూసినప్పుడు ఆ పిల్లవాడు గుర్తొచ్చాడు. వాడు అడగవలసింది మాటలు లేని వేషం కాదు. తన మాటతోనే డాక్టరు వేషం. అది వాడి చేత అడిగించలేకపోయిన గురువును నేను.

కథలు రాసే మిత్రులకు నా మనవి ఇదే. మీ కథలో పాలేరు ఉంటే అతని యాసను రాయండి, తప్పకుండా రాయండి. కాని యాస రాసినంత మాత్రాన అతన్ని రాసినట్టు కాదు. అతను ఏ పని చేస్తాడో, ఆ పనికి ఏం ముడుతుందో, కథలో ఏ మలుపును అతను నిర్ణయిస్తాడో కూడా రాయండి. ఆ మూడూ లేనిచోట ఎంత గొప్ప నటుడైనా ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో తలుపు తీస్తూ నిలబడవలసిందే.